బిజిలీ చేపని పొద్దు

ఆరుంబావు. బిజిలీ పొదుగు కింద బకెట్ పెట్టి ఇరవై నిమిషాలైంది, చుక్క రాలేదు. మోకాళ్ల మధ్య బకెట్, ఒడిలో సైకాలజీ గైడు, గైడు తడవకుండా దాని కింద దాణా సంచి ముక్క. పొదుగు నిండి ఉంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. కానీ బర్రె తనంతట తాను పాలు కిందికి వదలాలి, దాన్నే చేపడం అంటారు, చేపకపోతే ఎవరు లాగినా రావు. మనోవిజ్ఞాన శాస్త్రం అనగానేమి. ప్రాణుల ప్రవర్తననూ మానసిక ప్రక్రియలనూ శాస్త్రీయంగా అధ్యయనం చేసే శాస్త్రం. రెండు మార్కులు. ఇది వచ్చు, ఎప్పటి నుంచో వచ్చు, దీని తర్వాతి పేజీ నుంచే రాదు. పరీక్ష పదింటికి, కోఠి అవతల కాలేజీలో. ఎనిమిదింటికి శాలిబండలో షేర్ ఆటో ఎక్కితే అందుతుంది. డిగ్రీలో మిగతా పేపర్లన్నీ పాసయ్యాను, ఈ ఒక్కటే రెండుసార్లు తప్పాను, మొదటిసారి ఏడు మార్కులు తక్కువ, రెండోసారి మూడు. ఈసారి తప్పితే నాలుగోసారి లేదు. పాత సిలబస్ వాళ్లకు ఇదే ఆఖరి పరీక్ష అని నోటీసు పెట్టారు, ఇది పోతే మళ్లీ మొదటి సంవత్సరంలో చేరాలి. మొదటిసారి పరీక్ష పొద్దున నల్ల బర్రె ఈనింది, దుడ్డె కాళ్లు బయటికి వచ్చి ఆగిపోతే పట్టి లాగినవాళ్లలో నేనొకదాన్ని, పరీక్ష గదికి వెళ్లేసరికి పదిన్నర. రెండోసారి వదిన పుట్టింట్లో ఉంది, గిరాకీలకు పాలు పోసి వెళ్లేసరికి పదీ ఇరవై. అందుకే ఈసారి నిన్ననే అంతా ఆలోచించి పెట్టుకున్నాను. లేవగానే తలస్నానం, ఇస్త్రీ చేసిన చుడీదార్, సంచిలో హాల్ టికెట్, రెండు పెన్నులు, ఆ తర్వాతే కొట్టంలోకి. పాలు పిండి చెయ్యి కడుక్కుని అటే పోవచ్చు. ఐదున్నరకు తయారయ్యాను. అంతా అనుకున్నట్టే జరిగింది, బిజిలీ తప్ప.

శాస్త్రీయ నిబంధనం. రష్యా ఆయన, కుక్క, గంట, మాంసం పొడి. మాంసం పొడి చూస్తే కుక్కకు లాలాజలం వస్తుంది, అది ఎవరూ నేర్పనక్కర్లేదు, కాబట్టి మాంసం పొడి సహజ ఉద్దీపన. గంట కొట్టి మాంసం పెట్టి, గంట కొట్టి మాంసం పెట్టి, చివరికి గంట ఒక్కటి కొట్టినా లాలాజలం వస్తుంది, కాబట్టి గంట నిబంధిత ఉద్దీపన. రష్యా ఆయన పేరు నాలుక కొన మీద ఉంది, రావడం లేదు. తెలిసిన మాట నాలుక కొన మీద ఆగిపోవడానికి కూడా పుస్తకంలో ఒక పేరుంది. ఆ పేరూ రావడం లేదు. బిజిలీ తోక నా జడ మీద పడింది. పేడ అంటిందేమో. చూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పోయినసారి ఈ ప్రశ్నే వచ్చింది, ఎనిమిది మార్కులకు, సొంత ఉదాహరణతో వివరింపుము అని. సొంత ఉదాహరణ అన్నారు కదా అని కుక్కను వదిలేసి మా కొట్టం రాశాను. దుడ్డె చచ్చిపోతే దాని తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, గడ్డి నింపి కుడతారు, నాలుగు కర్రల మీద నిలబెడతారు, బర్రె దాన్ని నాకుతుంది, నాకుతూ చేపుతుంది. రోజూ అదే పూటకు బకెట్ చప్పుడు వింటుంది కాబట్టి కొన్నాళ్లకు బకెట్ చప్పుడుకే చేపుతుంది. సహజ ఉద్దీపన గడ్డి దుడ్డె, నిబంధిత ఉద్దీపన బకెట్ చప్పుడు. రెండు పేజీలు రాశాను, బొమ్మ కూడా వేశాను. ఫలితం వచ్చాక జవాబు పత్రం నకలు తెప్పించుకున్నాను. గడ్డి దుడ్డె అన్న మాట కింద ఎర్ర గీత, పక్కన ప్రశ్న గుర్తు, ఎనిమిదికి ఒకటి. ఇంకో మూడు వేసినా పాసయ్యేదాన్ని. దిద్దినవాళ్లు కొట్టం చూడలేదని నెల రోజులు తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే తెలిసింది, వాళ్లు సరిగ్గానే గీత గీశారు. సహజమైనది దుడ్డె. గడ్డి దుడ్డె దాని బదులు నిలబెట్టినది. అది నాకెందుకు తట్టలేదంటే, పుట్టినప్పటి నుంచీ ఈ కొట్టంలో నడిచే దుడ్డెల కన్నా కుట్టిన దుడ్డెలనే ఎక్కువ చూశాను. మగ దుడ్డెకు రెండు చన్నుల పాలు వదలాలంటారు, ఒక చన్ను వదులుతారు, తర్వాత అదీ వదలరు, పదో రోజో పదిహేనో రోజో ఎల్లప్ప వచ్చి తోలు కుట్టిపోతాడు. బిజిలీ దుడ్డె పదకొండు రోజులు బతికింది. గోడ పక్కన ఉంది. నిలబెట్టిన కొత్తలో నాకింది, పందొమ్మిదో రోజు నుంచి దాని వైపు తల తిప్పలేదు. ఉద్దీపన ఒక్కటే వస్తూ, దాని వెనక రావలసింది రాకపోతే, ప్రతిస్పందన తగ్గుతూ పోయి ఆగిపోతుంది. దాన్ని విరమణ అంటారు. ఇది ఇప్పుడు రాయమంటే రాస్తాను. ఇది అడగరు.

గేటు దగ్గర సైకిల్ బెల్లు. మూల మీది హోటల్ భాయ్. ఆయనకు ఆరింటికల్లా పది లీటర్లు అందాలి, ఈ రోజు పాలు రేపిస్తారా అని ఎగతాళి.

"క్యా మురళీ భాయ్, ఆజ్ కా దూద్ కల్ దేతే క్యా?"

"ఆతా భాయ్, దో మినట్," అని అన్న లోపలికి వచ్చాడు. అన్న మిగతా మూడు బర్రెలనూ పిండేశాడు. బిజిలీ దగ్గరికి మాత్రం రాడు, వస్తే తంతుంది, రెండుసార్లు తన్నించుకున్నాడు. దుడ్డె పోయాక నలభై రోజులుగా ఇది నా చేతికి తప్ప ఎవరికీ చేపలేదు.

"ఏందే, ఇంక చేపలేదా?"

"చేపుతలేదు."

"పుస్తకం చూసుకుంట పిండితే గట్లనే ఉంటది. పాటలేమన్న పాడు, చెయ్యి ఊకె ఆపకు."

"అన్నా, నాకు పరీక్ష ఉంది."

"పదింటికి గద. మస్తు టైముంది."

మస్తు టైముంది. అన్న నోట ఈ మాట వందసార్లు విన్నాను. అన్నకు టైము అంటే బండి. బండి మీద కోఠి ఇరవై నిమిషాలు. దించి రమ్మంటే ఆ పూట పాలు ఎవరు పోయాలి అంటాడు, అదీ నిజమే. స్మృతి. స్మృతిలో నాలుగు దశలు, అభ్యసనం, ధారణ, పునఃస్మరణ, గుర్తింపు. విస్మృతికి కారణాలు. పాత నేర్పు కొత్త నేర్పుకు అడ్డం వస్తే పురోగమన అవరోధం, కొత్తది పాతదానికి అడ్డం వస్తే తిరోగమన అవరోధం. లేక అటుదిటా. ప్రతిసారీ ఇక్కడే తడబడతాను. గైడులో ఉదాహరణ, మొదట హిందీ నేర్చి తర్వాత ఉర్దూ నేర్చినవాడు. మా గల్లీలో ఆ రెండూ వేరని ఎవరికీ తెలియదు. నాకు ఏ ఇంటికి ఎన్ని లీటర్లో, ఎవరికి ఉదయం వద్దో, ఎవరికి శుక్రవారం ఎక్కువ కావాలో, ఎవరి డబ్బా మూత మారిందో, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దబీర్‌పురా స్టేషన్ ఎదురుగా ఉన్న ముసలమ్మ పండగ ముందు ఖీర్ కోసం రెండు లీటర్లు అదనంగా అడుగుతుందని, బార్కస్‌లో ఉన్న ఆమె కూతురు వచ్చిన రోజు మూడు అడుగుతుందని, చెప్పకముందే తెలుసు. ఇవన్నీ ఎవరూ చదవమనలేదు. చదివినది నిలవదు. ఆ రెండు అవరోధాల్లో ఇది ఏది? ఏదైనా రెండు మార్కులే.

హరిప్రియ మేడమ్ నెల కింద పిలిచి కూర్చోమంది. ఆమె మా బడి ప్రిన్సిపల్, మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల బడి, ఆమెది కాకినాడ, నేను ఆ బడిలో నాలుగేళ్లుగా ఆయాను. "నీ చేతిలో విద్య ఉంది సోనీ, నేను కాదనను. టీచర్ ట్రైనింగ్‌లో నీ కోసం సీటు అట్టేపెట్టాను. కానీ ఫారంలో డిగ్రీ అన్న గడి ఖాళీగా ఉంటే అది అక్కడే ఆగిపోతుందమ్మా. పైవాళ్లకు నేనేం చెప్పను?" అంది. వచ్చే నెల వరకు ఉంచుతుంది, తర్వాత వేరేవాళ్లకు ఇస్తుంది. ఆమె తప్పేమీ లేదు. ఆశ్రిత అని ఐదేళ్ల పిల్ల ఉంది, వచ్చిన కొత్తలో కుర్చీ చూస్తే అరిచేది. నేను కుర్చీని గోడకు పెట్టి పిల్లను తలుపు దగ్గర కూర్చోబెట్టి, రోజుకు ఒక జానెడు కుర్చీ వైపు జరిపాను, జరిగినప్పుడల్లా నా గాజుల్లో ఒకటి తీసి చేతికిచ్చాను. ఇరవై మూడు రోజులకు కుర్చీ ఎక్కింది. టీచరమ్మ ఫైల్లో రాసింది, పునర్బలనం ద్వారా ప్రవర్తనను దశలవారీగా రూపొందించడమైనది అని, కింద సంతకం పెట్టింది. ఆ వాక్యం నేను ఫైలు తుడుస్తూ చదివాను. మూడుసార్లు చదివాను. నేను చేసిన పనికి ఆ పేరుందని అప్పుడే తెలిసింది. కార్యసాధక నిబంధనం, పునర్బలనం, ధనాత్మకం, రుణాత్మకం, స్థిర విరామం, చర విరామం, స్థిర నిష్పత్తి, చర నిష్పత్తి. నాలుగింటికీ తేడా వ్రాయుము. పిల్లను కుర్చీ ఎక్కించగలను, తేడా వ్రాయలేను. మూడేళ్లుగా ఇదే. బిజిలీ కాలు కదిపింది, బకెట్ ఒరిగింది, పట్టుకున్నాను, గైడు జారి పెండలో పడింది. జ్ఞానేంద్రియాలు అన్న పేజీ. తీసి సంచి ముక్కతో తుడిచాను, కన్ను బొమ్మ సగం పోయింది. బిజిలీ కాలి మీద ఒకటి కొట్టాను. గట్టిగా కాదు. గట్టిగానే.

"దాన్ని కొడ్తె పాలిస్తదా?" మంచం మీద నుంచి అవ్వ అంది. రుక్మాబాయి అవ్వ మా నాన్న తల్లి, ఎనభై దాటాయి, కొట్టం వాకిట్లోనే పడుకుంటుంది, లోపల ఊపిరాడదంటుంది.

"ఇయ్యదు."

"మరెందుకు కొట్టినవ్?"

"నీకు చెప్పినా తెల్వదు అవ్వా."

"అవునే, బర్రె గురించి నాకేం తెలుస్తది. నువ్వు సదివినవ్ గద."

కుంఠనం. ఈ మాట పరీక్షలో తప్ప ఎక్కడా వినలేదు. లక్ష్యం వైపు పోయే ప్రవర్తనకు అడ్డు తగిలినప్పుడు కలిగే ఉద్వేగ స్థితి. అడ్డంకులు మూడు రకాలు, భౌతికం, సామాజికం, వ్యక్తిగతం. బర్రె ఏ రకం? భౌతికమే అయ్యుండాలి. అన్న సామాజికం. నేను వ్యక్తిగతం. కుంఠనానికి ప్రతిస్పందనలు. దూకుడు. కారణమైనదాని మీద చూపలేని కోపాన్ని వేరేదాని మీద చూపడం, దానికి స్థానభ్రంశం అని పేరు. ఇప్పుడు బిజిలీ కాలి మీద వేసిన దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి గేటు దగ్గర హోటల్ భాయ్‌తో నవ్వుతున్నాడు. ఉపసంహరణ. చాలు, నాకొద్దు అని లేచిపోవడం. హేతుకీకరణం. అందని ద్రాక్షపండ్లు పుల్లన. వదిన అంటుంది, టీచరైతే మాత్రం ఏంది సోనీ, పిల్లల ముక్కులు తుడుసుడే గద, ఇప్పుడు తుడుస్తనే ఉన్నవ్ అని. వదిన చెడ్డది కాదు. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. పుస్తకంలో సంఘర్షణలు మూడు. రెండూ కావలసినవే అయితే ఒక రకం, రెండూ వద్దనుకునేవే అయితే ఒకటి, కావాలనుకున్నదాంట్లోనే వద్దనుకునేది ఉంటే ఒకటి. పాలు పిండకుండా పోతే పొదుగు వాస్తుంది, జ్వరం వస్తుంది, ఒక చన్ను పోయినా పోతుంది, అది నా చేతి మీద పెరిగిన బర్రె. పిండేదాకా కూర్చుంటే పరీక్ష పోతుంది. రెండూ వద్దు. పరిహార-పరిహార సంఘర్షణ. ఇలాంటి చోట మనిషి ఏం చేస్తుందో కూడా రాశారు, రెండింటి మధ్య ఊగుతుంది, లేదా అక్కడి నుంచి వెళ్లిపోతుంది. ఇంత స్పష్టంగా గైడులో ఏదీ ఉండదు. దీన్ని రాసినవాడికి బర్రెలు ఉండి ఉండాలి.

ఏడైంది. వదిన డబ్బాలు వరుసగా పెట్టి, ఉన్న పాలు సర్ది పోస్తోంది, సగమే పోసి మిగతాది తర్వాత అని చెబుతోంది, గిరాకీలు వదినను ఏదో అంటున్నారు. స్వీటీ అని పేరు పెట్టుకుని పాలల్ల నీళ్లు పోస్తున్నవా అని ఎవరో అన్నారు, నవ్వారు. అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో చిన్న సీసా, సిరంజి.

"సోనీ, లే. ఒక్క సూది ఏస్తె అయిపాయె. రెండు నిమిషాలల్ల చేపుతది. నువ్వు పొయ్యి పరీక్ష రాస్కో."

"ఎక్కడిదది?"

"ఎక్కడిదైతె ఏంది. అందరు ఏస్తున్నరు."

"డాక్టరు వద్దన్నడు గద. రేపు కూడ ఏస్తవా?"

"రేపటి ముచ్చట రేపు."

రెండో అధ్యాయం, ప్రవర్తనకు జీవ ఆధారాలు. ఆక్సిటోసిన్. పీయూష గ్రంథి నుంచి విడుదలవుతుంది, తల్లికి పాలు దిగడానికి కారణం, తల్లీబిడ్డల అనుబంధానికి తోడ్పడుతుంది. ఇది అన్న చేతిలో సీసాలో ఉంది, దాని మీద పేరు కాగితం చింపేసి ఉంది. ఈ సూది అలవాటైతే బర్రె సూది లేకుండా చేపదు. రోజుకు రెండు సూదులు, తర్వాత చూడి కట్టదు, తర్వాత కటిక వాళ్లు. నల్ల బర్రె ముందున్న బర్రె అట్లాగే పోయింది, అది వేసింది మా నాన్న. అప్పుడు నాన్నకు ఆపరేషన్ అయింది, తొందర ఉండేది. ప్రతిసారీ ఒక తొందర ఉంటుంది. ఇప్పుడు నా పరీక్ష. ఇది నా పేరు మీద మొదలవుతుంది. సోనీ పరీక్ష రోజు సూది వేసినం అంటారు. బకెట్ పక్కన పెట్టి, అన్నకూ బిజిలీకీ మధ్య నిలబడ్డాను. వద్దన్నాను. అన్న నన్ను చూశాడు, సీసా చూశాడు.

"మరి ఎట్ల? నువ్వే చెప్పు. పరీక్షకు పోతవా? పాలు పిండుతవా? నాకు గిట్ల లొల్లి పెట్టకు పొద్దు పొద్దున."

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను బిజిలీ మెడ దగ్గరికి పోయాను. రోజూ మెడ కింద గోకితే మెడ చాస్తుంది. ఈ రోజు ముక్కు నా భుజం దగ్గరికి తెచ్చి, ఊపిరి లాగి, వెనక్కి తీసుకుంది. పలుపు తాడు బిగిసింది. తాడు ఎంత పొడవుంటే అంత దూరం జరిగింది. నాలుగేళ్లుగా నేను మేత వేసిన బర్రె. సంవేదన అంటే జ్ఞానేంద్రియాలకు ఉద్దీపన అందడం. ప్రత్యక్షం అంటే ఆ అందినదానికి అర్థం చేర్చుకోవడం. పూర్వానుభవాన్ని బట్టి అర్థం మారుతుంది. ఉదాహరణ, చీకట్లో తాడు చూసి పామనుకోవడం. ప్రతి గైడులోనూ ఈ తాడే, ఈ పామే.

"పెండ్లికి పోతున్నవా పొల్లా?" అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "నీ సబ్బు వాసనకు నాకే ముక్కు పగులుతుంది. గంత పొద్దుగాల గంత షాంపు ఎందుకే?"

నేను బిజిలీ తాడు పట్టుకునే ఉన్నాను. చుడీదార్ చెయ్యి ముక్కుకు దగ్గరగా తెచ్చి వాసన చూశాను. ఇస్త్రీ పెట్టె వాసన, షాంపూ వాసన. నలభై రోజులుగా నేను ఈ కొట్టంలోకి ఒక్క బట్టతోనే వచ్చాను, నీలం పూల నైటీ, మోకాళ్ల దగ్గర పెండ మరక, కుడి జేబు చినిగింది. కొట్టం పని అయ్యాకే స్నానం. ఆ నైటీని మిగతా బట్టలతో కలిపి ఉతకం, తలుపు వెనక మేకుకు ఉంటుంది. సహజ ఉద్దీపన దుడ్డె. దాని బదులు గడ్డి దుడ్డె. దాన్ని నాకడం మానేశాక నైటీ. నేనెక్కడా లేను. నా చెయ్యి అనుకున్నాను, నా పాట అనుకున్నాను, నేను పెంచాను కాబట్టి అనుకున్నాను, వచ్చినవాళ్లకల్లా నాకు తప్ప చేపదని చెప్పుకున్నాను కూడా. ఇన్ని రోజులూ చేపింది నైటీకి. పరీక్షకు ఆలస్యం కాకూడదని ముందే స్నానం చేశాను, అందుకే ఆలస్యమైంది.  ఏడున్నర. ఇప్పుడు పోయి నైటీ వేసుకుని వస్తే చేపుతుంది, అరగంటలో పాలు అయిపోతాయి, మళ్లీ స్నానం, మళ్లీ బట్టలు, ఎనిమిదిన్నర దాటుతుంది, చార్మినార్ దగ్గర ఆ టైముకు స్కూల్ ఆటోలు, పదీ పదో పదీ ఇరవయ్యో అవుతుంది. మూడోసారి. అట్లా కూడా రాయవచ్చు. అట్లాగే కదా మూడు మార్కులతో పోయింది. నా కాళ్లు అప్పటికే ఇంటి వైపు నడుస్తున్నాయి. తలుపు వెనక మేకు, మేకుకు నైటీ, చెయ్యి పెట్టాను. ఎవరూ చెప్పలేదు, చెయ్యి పోయింది. ఈ ఇంట్లో ఏది ఆగిపోయినా, ఈనేది, చేపేది, పోసేది, నా చెయ్యి పోతుంది, నేను వద్దనుకునే లోపు పోతుంది. నైటీ మేకు నుంచి తీశాను, వేసుకోలేదు.  సామాన్యీకరణం. నిబంధిత ఉద్దీపనను పోలిన మరో ఉద్దీపనకు కూడా ప్రాణి అదే ప్రతిస్పందన చూపడం. గంటకు అలవాటైన కుక్క బజరుకు కూడా. నాలుగు మార్కులు.

కొట్టంలోకి వచ్చి నైటీ అన్న భుజం మీద వేశాను.

"ఏందిది?"

"ఏస్కో."

"నాకేమన్న పిచ్చా?"

"నువ్వు ఏస్కోని కూసో. ఒక్కపారి మీదికి పోకు, ముందుగాల దాన్ని వాసన సూడనియ్యి. మాట్లాడకు. మీసం దాని దిక్కు పెట్టకు. పొదుగు కడిగే నీళ్లు గోరువెచ్చగ ఉండాలె."

"అరే, గల్లీల ఇజ్జత్ ఉంటదా నాకు? గేటు కాడ ఆరుగురు నిలవడ్డరు."

"అయితె సూది ఇటియ్యి," అని చెయ్యి చాచాను. ఇచ్చేదాకా చెయ్యి దించలేదు. సీసా తీసుకుని మోరీలో పగలగొట్టాను.

అవ్వ మంచం మీద నుంచి చప్పట్లు కొట్టింది. "మీ తాత నా చీర కట్టుకోని పిండిండురా మురళిగా, మీ నాయన పుట్టినప్పుడు. నెలన్నర. కొంగు నెత్తి మీదికెళ్లి కప్పుకునేటోడు. గాయన ఇజ్జతేం పోలే. నీదే గంత పెద్దదా?"

"వదినా, జర గేటు ఎయ్యి," అన్నాను.

వదిన గేటు వేయలేదు. ఫోను పట్టుకుని వచ్చింది. "ఆగు ఆగు, ఏస్కునేటప్పుడు తియ్యాలె," అంది. అన్న తిట్టాడు, వదిన ఇంకా నవ్వింది, తిడుతూనే చేతులు పైకి పెట్టాడు, నైటీ భుజాల దగ్గర ఇరుక్కుంది, కుట్టు పటపటమంది. బిజిలీ చెవులు ముందుకు తిప్పింది. అది చేపుతుందో లేదో చూడాలని ఉంది. ఇంకొక్క రెండు నిమిషాలు. చూస్తే ఉంటాను. చేపకపోతే ఉంటాను, చేపితే బకెట్ నిండేదాకా ఉంటాను. చేతులు కడుక్కున్నాను, గైడు కొట్టం గోడ మీదే వదిలేశాను, పెండ వాసన వస్తోంది, దాన్ని సంచిలో పెట్టుకునే పని లేదు. వెనక నుంచి అన్న పిలిచాడు.

"సోనీ, నువ్వు పక్కన నిలవడరాదే, ఒక్క పది నిమిషాలు!"

గేటు దాటాక హోటల్ భాయ్ అడ్డం వచ్చి దూద్ అన్నాడు, లోపలికి చూపించాను.

షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కున్నాను. ఎనిమిది కాలేదు. చార్మినార్ దాకా అవరోధాలు వేళ్ల మీద వల్లె వేసుకున్నాను, పాతది అడ్డం వస్తే పురోగమన, కొత్తది అడ్డం వస్తే తిరోగమన, ఈసారి తడబడలేదు. మదీనా దగ్గర ఫోను మోగింది. అన్న. చెయ్యి సంచిలోకి పోయింది, ఫోనును పట్టుకుంది. చేపింది అని చెప్పడానికైనా ఫోను చేస్తాడు, చేపలేదు అని చెప్పడానికైనా చేస్తాడు. రెండింటికీ నేను చెప్పేది ఉండదు, కానీ ఎత్తితే మాట పెరుగుతుంది, ఆటో దిగేదాకా నేను కొట్టంలోనే ఉంటాను. ఆగిపోయింది. మళ్లీ మోగింది. వదిన. పక్కన కూర్చున్న ఆమె నన్ను చూసింది. మళ్లీ అన్న. మళ్లీ అన్న. ఎవరికీ ఏమీ అయ్యుండదు, అవ్వకు ఏమైనా అయితే వదిన రెండుసార్లు ఆగి ఆగి చేస్తుంది, నాకు తెలుసు. తెలుసు అనుకుంటున్నాను. అఫ్జల్‌గంజ్ వంతెన మీద పదకొండు కాల్స్. విరమణ మొదలైనప్పుడు ప్రతిస్పందన వెంటనే తగ్గదు, కొంతసేపు పెరుగుతుంది, మునుపటి కన్నా ఎక్కువ వస్తుంది, అది చూసి లొంగిపోతే మళ్లీ మొదటికి. ఇది గైడులో లేదు. ఆశ్రిత కుర్చీ దగ్గర అరిచినప్పుడు హరిప్రియ మేడమ్ నాకు చెప్పింది, ఇప్పుడే ఎక్కువ అరుస్తుంది సోనీ, ఇప్పుడే నువ్వు గట్టిగా ఉండాలి అని. గట్టిగా ఉన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, అది వేరే సంగతి.

కాలేజీ గేటు దగ్గర బల్ల వేసి ఫోన్లు తీసుకుంటున్నారు. ఒక్కో ఫోనుకు ఒక అట్టముక్క మీద నంబరు రాసి ఇస్తున్నారు. నాది బల్ల మీద పెట్టగానే మళ్లీ మోగింది, బల్ల రేకు మీద కదిలింది.

"ఎత్తరాదమ్మా, మోగుతుంది," అన్నాడు వాచ్‌మన్. "ఇంక టైముంది. తొమ్మిదే అయింది."

"మోగనియ్యి అన్నా," అన్నాను. "టోకెన్ ఇయ్యి."

నలభై ఒకటి. రెండో అంతస్తు, ఎడమ వైపు గది. తలుపు తీసి ఉంది, లోపల ఇద్దరే ఉన్నారు, ఒకామె బల్లలు తుడుస్తోంది. నా నంబరు కిటికీ పక్క మూడో బల్ల మీద సుద్దతో రాసి ఉంది. కూర్చున్నాను. చేతులు చేసే పని ఏమీ లేదు, కాసేపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, బల్ల మీద పెట్టుకున్నాను. ప్రశ్నపత్రం ఇవ్వడానికి ఇంకా గంట ఉంది.